టూషే అమోరే కొత్త రికార్డు: గాయకుడు అరుస్తూనే ఉంటే మెలోడీ ఎక్కడున్నట్టు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికన్ బ్యాండు టూషే అమోరే కొత్త రికార్డు "స్పైరల్ ఇన్ ఎ స్ట్రెయిట్ లైన్" రెండుసార్లు విన్నారు. మెలోడిక్ హార్డ్‌కోర్, అంటే వేగంగా దూసుకుపోయే పంక్ రాక్‌కు వరస తోడైన సంగీతం, అని ఎవరో చెబితే పెట్టుకున్నారు. మొదటి పాట నుంచి చివరి పాట దాకా గాయకుడు గొంతు చించుకుంటూనే ఉన్నాడు, ఇందులో మెలోడీ ఏది, లోపం నా చెవిలోనా ఆ పేరులోనా అన్నారు. రికార్డు అసలు బాగుందో లేదో చెప్పమన్నారు. పనిలో పనిగా, మీ తమ్ముడు కూడా ఇలా అరవడం సాధన చేస్తున్నాడట, గొంతు పాడవుతుందా అని అడిగారు.

మీ చెవికేమీ కాలేదు. పేరూ తప్పు కాదు. వెతికిన చోటు తప్పు, అంతే. మనకు పాట అంటే గొంతు. వరస ఎక్కడుందంటే పాడేవాళ్ళ నోట్లో ఉంది, వాయిద్యాలు దానికి ఆసరాగా నడుస్తాయి. పుట్టినప్పటి నుంచి విన్నవన్నీ చెవికి అదే అలవాటు చేశాయి. ఈ సంగీతంలో ఆ ఉద్యోగం చేతులు మారింది. పాడేది గిటారు. గొంతు మాట చెబుతుంది, తాళం వేస్తుంది. మీరు తాళం వేసేవాణ్ణి పట్టుకుని రాగం ఏదయ్యా అని అడుగుతున్నారు.

నేను గిటారు వాయిస్తాను. ఇలాంటి బ్యాండ్లు రెండింట్లో వాయించాను, తర్వాత చాలా ఏళ్ళు ఇలాంటి బ్యాండ్లనే రికార్డు చేశాను. అయినా ఈ సంగతి నాకు పొరపాటున తెలిసింది. ఒక రాత్రి ఒక పాట మిక్స్ చేస్తూ, డ్రమ్ములు సరిచూసుకోవడానికి గొంతు ట్రాకు మ్యూట్ చేశాను. మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయి, బ్యాండు వాళ్ళు రాగానే పాట మొత్తం అలాగే వినిపించాను. గాయకుడు మొహం మాడ్చుకున్నాడు. బేస్ వాయించే కుర్రాడితో వచ్చిన అతని అక్క మాత్రం, వీళ్ళ పాటలంటే గది వదిలి వెళ్ళిపోయే మనిషి, "ఇదేదో బాగుందే, కొత్తదా?" అంది. ఆర్నెల్లుగా ఆవిడ ఇంట్లో రోజూ మోగుతున్న పాటే అది. గొంతు అడ్డు తొలిగాక ఆవిడకు మొదటిసారి వినిపించింది.

ఇక గిటారు ఎలా పాడుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. పంక్ గిటారుకు పునాది పవర్ కార్డ్. మన స్వరాల్లో చెప్పాలంటే స, ప, పై స. గాంధారం ఉండదు. మానేయడానికి కారణం ఉంది. యాంప్లిఫయర్‌లో డిస్టార్షన్, అంటే ధ్వనిని కావాలని గరుకు చేయడం, బాగా పెంచినప్పుడు ఒకేసారి మోగే స్వరాలు ఒకదానితో ఒకటి రాసుకుని లేని ధ్వనుల్ని పుట్టిస్తాయి. షడ్జమ పంచమాల నిష్పత్తి 2కు 3 కాబట్టి అలా పుట్టినవి కూడా వాటిలోనే కలిసిపోతాయి, మోత బరువెక్కుతుంది. మధ్యలో గాంధారం కూడా కొడితే అంతా బురద.

కానీ పాట వెలుగా నీడా అన్నది తేల్చేది గాంధారమే కదా. అంతర గాంధారం పడితే ఒక మనసు, సాధారణ గాంధారం పడితే ఇంకో మనసు. అది లేదు కాబట్టే మామూలు హార్డ్‌కోర్ పాట ఎటూ మొగ్గదు, కోపం ఒక్కటే వినిపిస్తుంది. మెలోడిక్ హార్డ్‌కోర్ వాళ్ళు చేసిందల్లా ఆ ఖాళీని నింపడం. ఒక గిటారు స-ప మీద దంచుతూ ఉంటుంది. రెండో గిటారు దాని నెత్తిన సన్నటి వరస ఒకటి వాయిస్తుంది. పాట ఏ వైపు మొగ్గాలో చెప్పే గాంధారం ఆ వరసలో ఉంటుంది.

ఆ వరసను చాలామంది ఆక్టేవ్‌లలో వాయిస్తారు. చూపుడు వేలు ఐదో తీగ మీద ఐదో ఫ్రెట్టులో (గిటారు మెడ మీది మెట్టు), ఉంగరపు వేలు మూడో తీగ మీద ఏడో ఫ్రెట్టులో పెట్టండి. మధ్యనున్న నాలుగో తీగను చూపుడు వేలి కొసతో తాకి నోరు మూయించాలి. రెండు చోట్లా డి స్వరమే, ఒకటి కింది స్థాయి, ఒకటి పై స్థాయి. చెయ్యి ఆకారం చెదరకుండా మెడ మీద అటూ ఇటూ జరుపుతుంటే, ఒకే వరసను ఇద్దరు చెరో స్థాయిలో కలిసి పాడినట్టు ఉంటుంది. ఎంత మోతలోనైనా అది తేలి పైకి వస్తుంది. నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. నాలుగో తీగ నోరు మూయించడం వంటబట్టడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.

దీనికంటే తమాషా బేస్‌లో, అంటే కింది స్వరాలు మోగించే గిటారులో ఉంది. గిటారు డి, ఎఫ్ షార్ప్ అనే రెండు స్వరాల మధ్య ఊగుతోందనుకోండి. కింద బేస్ కూడా డి మీద ఉంటే ఎఫ్ షార్ప్ దానికి అంతర గాంధారం, పాట తలెత్తుకుని నడుస్తుంది. గిటారు అలాగే ఉండగా బేస్ బికి దిగిందనుకోండి. ఇప్పుడు ఆ డి కాస్తా సాధారణ గాంధారం అయిపోయింది, ఎఫ్ షార్ప్ పంచమం అయింది. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంటుంది. బేస్ ఇంకా దిగి జి మీద నిలబడితే డి పంచమం, ఎఫ్ షార్ప్ కాకలి నిషాదం. పై షడ్జానికి ఒక్క అడుగు ఇవతల ఆగిపోయిన స్వరం, అందీ అందనట్టు వేధిస్తుంది. ఇంతసేపూ గిటారిస్టు వేలు జరపలేదు. అదే రెండు స్వరాలు, మూడు మనసులు. కింద నేల జరిగింది, అంతే. ఈ కిటుకు మీద బతికే పాటలు ఈ సంగీతంలో వందలకొద్దీ ఉన్నాయి.

అందుకే మొదట అడగాల్సింది, మీరు దేంట్లో విన్నారు? ఫోను స్పీకరులో అయితే మీకు సగం రికార్డే అందింది. బేస్ గిటారులో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోను స్పీకరు అంత కిందికి దిగనే దిగదు. నేల జరిగినట్టు తెలియకపోతే గిటారు రెండే స్వరాలు పట్టుకుని నస పెడుతున్నట్టు ఉంటుంది. పైగా అరిచే గొంతులోని పదునూ గిటారులోని పదునూ దాదాపు ఒకే చోట, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. చిన్న స్పీకరు బాగా పలికేది అక్కడే. రెండూ ఒకే సందులో తోసుకుంటే గెలిచేది గొంతు. మిక్స్ చేసేవాళ్ళకు ఈ తోపులాట సర్దడమే పెద్ద పని. మొదట్లో నేను గొంతును మరీ కిందకు నొక్కేసి బ్యాండ్ల చేత తిట్లు తిన్నాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఖరీదైనవి అక్కర్లేదు. ఇలాంటి రికార్డుల్లో సాధారణంగా ఒక గిటారును ఎడమకూ, ఒకదాన్ని కుడికీ పెడతారు. ఒక పాట ఎడమ చెవితోనే వినండి, రెండోది తీసేయండి. తర్వాత అదే పాట కుడి చెవితో. ఏ గిటారు నేల దున్నుతోందో, ఏది పాడుతోందో విడివిడిగా తెలుస్తుంది. పాట మధ్యలో ఇద్దరూ పనులు మార్చుకోవడం కూడా పట్టుబడుతుంది. తర్వాత రెండూ పెట్టుకుని బేస్‌ను మాత్రమే వెంబడించండి. నాలుగోసారికి గొంతు మీకు విసుగనిపించదని నా పందెం.

డ్రమ్ముల గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి గమనించండి. వేగంగా పోతున్నప్పుడు స్నేర్ (టపటపా చురుగ్గా పలికే డ్రమ్ము) దెబ్బ ప్రతి అరకొట్టు మీదా పడుతూ తరుముతుంది. ఉన్నట్టుండి డ్రమ్మరు సగం వేగానికి దిగుతాడు, స్నేర్ మూడో కొట్టు మీద ఒక్కసారే పడుతుంది. గిటార్లు మారవు. అయినా అప్పటిదాకా ఇరుకు సందులో పరిగెత్తిన పాట మైదానంలోకి వచ్చినట్టుంటుంది. వరస చెవిలో పడేదీ అప్పుడే. గుంపు అంతా కలిసి అరిచే చోటూ చాలాసార్లు అదే.

మరి గొంతు అరవడం దేనికి, అదీ పాడొచ్చు కదా? పాడేవాళ్ళూ ఉన్నారు, ఆ మాటకు వస్తాను. అరిచేవాళ్ళకు దక్కే లాభం మాట. వరసలో పాడాలంటే మాటల్ని కత్తిరించాలి, సాగదీయాలి, వరస తిరిగొచ్చిన చోటల్లా అదే కొలతలో మాట పడాలి. వరస బాధ్యత గిటారుకు అప్పగించేశాక గాయకుడికి వచనం రాసుకునే స్వేచ్ఛ వస్తుంది. టూషే అమోరే గాయకుడు జెరెమీ బోల్మ్ పాటలు చదివితే ఎవరికో రాసి పంపని ఉత్తరాల్లా ఉంటాయి. పల్లవి తిరిగి రాని పాటలు అతనికి ఎన్నో. ఇంకో లాభం, ఇలాంటి పాటను శ్రుతి లేని మనిషి కూడా పాడగలడు. కచేరీలో బోల్మ్ మైకు జనంలోకి చాపితే ముందు వరసలో ఉన్నవాళ్ళు మీద పడి మరీ అందుకుంటారు. వాళ్ళలో ఎవరికీ సంగీతం వచ్చి ఉండనక్కర్లేదు. వేదికకూ నేలకూ తేడా ఉండకూడదన్నది హార్డ్‌కోర్‌లో మొదటి నుంచీ ఉన్న పట్టుదల.

ఇక ఆ పేరు సంగతి. హార్డ్‌కోర్ 1980 ప్రాంతంలో అమెరికాలో మొదలైంది. లాస్ ఏంజిలిస్ పక్క హెర్మోసా బీచ్‌లో బ్లాక్ ఫ్లాగ్, వాషింగ్టన్‌లో బ్యాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్. పంక్‌నే ఇంకా వేగంగా, ఇంకా పొట్టిగా చేశారు. నిమిషంలో పాట అయిపోయేది. ఆ వేగం ఎక్కడికో వెళ్ళి గోడకు తగలాల్సిందే, తగిలింది. మైనర్ థ్రెట్ 1983లో విడిపోయింది. అందులో వాయించిన బ్రయన్ బేకర్ తర్వాత డ్యాగ్ న్యాస్టీ అనే బ్యాండులో గిటారు పట్టుకున్నాడు. 1986లో డిస్కార్డ్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వాళ్ళ "కెన్ ఐ సే" వచ్చింది. దాన్ని దగ్గరుండి చేయించింది మైనర్ థ్రెట్ గాయకుడు ఇయన్ మెకై. వేగం పాతదే, గిటారు మాత్రం పాడుతుంది. మెలోడిక్ హార్డ్‌కోర్ అనే ఇంటికి పునాదిరాయి ఏది అంటే నేను దాన్నే చూపిస్తాను.

అటు పడమటి తీరంలో కథ వేరు. డిసెండెంట్స్ అనే బ్యాండు వాళ్ళు 1982లోనే ప్రేమ పాటల వరసల్ని హార్డ్‌కోర్ వేగంతో వాయించేశారు. ఆ రికార్డు పేరు "మైలో గోస్ టు కాలేజ్". గాయకుడు మైలో ఆకర్మన్ నిజంగానే కాలేజీకి వెళ్ళిపోయాడు, తర్వాత జీవశాస్త్రంలో డాక్టరేట్ కూడా చేశాడు. బ్యాడ్ రిలిజియన్ 1988లో "సఫర్" తెచ్చింది. 15 పాటలు, అరగంట కూడా ఉండదు, వెనక రెండు మూడు గొంతులు కలిసి శ్రుతిగా తీసే ఆలాపనలు. అక్కడి నుంచి ఇల్లు రెండు వాటాలు అయింది. ఒక వాటాలో గొంతు కూడా పాడుతుంది: బ్యాడ్ రిలిజియన్, పెన్నీవైజ్, మన తరానికి బాగా తెలిసిన రైజ్ అగైన్‌స్ట్. ఇంకో వాటాలో పాట గిటారుకు వదిలేసి గొంతు అరుస్తుంది: మోడర్న్ లైఫ్ ఈజ్ వార్, హ్యావ్ హార్ట్, డిఫీటర్, టూషే అమోరే. ఇద్దరినీ ఒకే పేరుతో పిలవడం వల్లే మీలాంటి వాళ్ళకు ఈ తికమక. ఎవరో మీకు మెలోడిక్ అని చెప్పినప్పుడు మీరు మొదటి వాటా తలుపు తట్టాననుకున్నారు, తెరుచుకున్నది రెండోది. టూషే అమోరేను పోస్ట్-హార్డ్‌కోర్ అనేవాళ్ళూ ఉన్నారు, స్క్రీమో అనేవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవలో నేను తలదూర్చను, ఇరవై ఏళ్ళ కిందటే విసుగొచ్చింది.

బ్యాండు గురించి. 2007లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో మొదలైంది. బోల్మ్ గొంతు, నిక్ స్టైన్‌హార్ట్, క్లేటన్ స్టీవెన్స్ గిటార్లు, టైలర్ కర్బీ బేస్, ఎలియట్ బాబిన్ డ్రమ్ములు. 2011లో వచ్చిన రెండో రికార్డులో 13 పాటలు, మొత్తం కలిపి సుమారు 21 నిమిషాలు. నాకిప్పటికీ వాళ్ళ దగ్గర ఎక్కువ నచ్చేది ఆ పొదుపు. నాలుగోది 2016లో బ్యాడ్ రిలిజియన్ గిటారిస్టు బ్రెట్ గురెవిట్జ్ పెట్టిన ఎపిటాఫ్ లేబుల్ మీద వచ్చింది. రెండు వాటాలూ ఒకే ఇల్లన్నానే, ఇదొక గుర్తు. దాని పేరు "స్టేజ్ ఫోర్". నాలుగో రికార్డు కాబట్టి నాలుగు, బోల్మ్ తల్లికి వచ్చిన క్యాన్సర్ నాలుగో దశ కాబట్టీ నాలుగు. 2014 అక్టోబరు చివర్లో అతను ఫ్లోరిడాలో వేదిక మీద ఉండగా ఆవిడ పోయింది. ఆవిడ ఫోనులో వదిలిన ఆఖరి సందేశం వినే ధైర్యం ఇంకా రాలేదని రెండో పాటలో చెబుతాడు. రికార్డు చివర్లో ఆ సందేశమే వినిపిస్తుంది. మామూలు గొంతు, మందుల షాపు కబురు, అమ్మలు ఫోనులో వదిలే మాటలే. అరగంట అరుపుల తర్వాత ఆ నెమ్మది మాట విని చలించని మనిషిని నేను చూడలేదు. గొంతు పాడి ఉంటే అది అంత పని చేసేది కాదని నా నమ్మకం.

తర్వాతి రికార్డు 2020లో వచ్చిన "లమెంట్". దాన్ని చేయించింది రాస్ రాబిన్సన్. కార్న్, స్లిప్‌నాట్ బ్యాండ్ల మొదటి రికార్డులు, అట్ ద డ్రైవ్-ఇన్ అనే బ్యాండు 2000 నాటి రికార్డు చేయించిన మనిషి. గాయకుణ్ణి మైకు ముందు నిలబెట్టే ముందు, ఈ వాక్యం ఎందుకు రాశావు, ఎవరిని ఉద్దేశించి రాశావు అని తవ్వి తవ్వి అడుగుతాడని పేరు. కొందరికి అది పడదు. స్టైన్‌హార్ట్ ఆ రికార్డులో పెడల్ స్టీల్ కూడా వాయించాడు. తీగ మీద లోహపు కడ్డీ జరుపుతూ, పెడల్ తొక్కుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వాయిద్యం. జారుడు గమకం అంటే చెవి కోసుకునే మనవాళ్ళకు అది వెంటనే పట్టేస్తుంది.

ఇప్పుడు మీరు విన్నది. 2024 అక్టోబరులో రైజ్ రికార్డ్స్ మీద వచ్చింది, ఆరోది, 11 పాటలు, మళ్ళీ రాబిన్సనే. బాగుందా? బాగుంది. వాళ్ళలో గొప్పది మాత్రం కాదు. నా లెక్కలో 2011 నాటిదీ "స్టేజ్ ఫోర్" రెండూ దీనికంటే పైన. "స్టేజ్ ఫోర్"కు మోయడానికి ఒక బరువుంది. దీనికి ఉన్నది చిన్న చిన్న దిగుళ్ళు: అదే తప్పు మళ్ళీ చేయడం, అదే అలవాటుకు మళ్ళీ పడిపోవడం, పైకి నిటారుగా నడుస్తున్నట్టు కనిపిస్తూ లోపల గిరగిరా తిరగడం. పేరులో ఉన్నదే. వయసు నలభై దరిదాపుల్లో ఉన్నవాళ్ళకు ఈ దిగుళ్ళు బాగా తెలుసు. ఇరవైలో ఉన్నవాళ్ళకు, ఇంతోటి దానికి అరుపెందుకు అనిపించినా తప్పు పట్టను. మధ్యలో రెండు మూడు పాటలు ఒకదాన్నొకటి పోలి నా చేతి నుంచి జారిపోయాయి. ఆరేడుసార్లు విన్నాక కూడా ఏది ఏదో పేరు చూసుకోవలసి వచ్చింది.

కానీ మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి రికార్డు దొరకదు. ఎందుకంటే అరుపు పక్కన పాట పెట్టి చూపించే చోట్లు ఇందులో రెండున్నాయి. "సబ్‌వర్షన్" అనే పాటలో లూ బార్లో గొంతు కలుపుతాడు. డైనసార్ జూనియర్ అనే బ్యాండులో బేస్ వాయించేవాడు, సెబడో బ్యాండు పెట్టినవాడు. ఆ సెబడో పాత పాట ఒకటి ఇందులోకి అల్లుకుంటుంది, పేరు పక్కన కుండలీకరణాల్లో అదీ రాసి ఉంటుంది చూడండి. చివరి పాట "గుడ్‌బై ఫర్ నౌ"లో జూలియన్ బేకర్ అనే గాయని పాడుతుంది. "స్టేజ్ ఫోర్" ఆఖరి పాటలోనూ ఆవిడే. ఆవిడ నోరు విప్పగానే మీకు ఇదివరకు లేనిదేదో కొత్తగా వచ్చినట్టు అనిపించి ఉంటుంది. మళ్ళీ వినండి. నా చెవికి ఆవిడ కొత్త వరసేమీ తేలేదు. అప్పటిదాకా గిటార్లు అంటున్నదాన్నే గొంతుతో అంటోంది. మనిషి గొంతులో వచ్చేసరికి మన చెవి, ఓహో ఇది పాట, అని ఒప్పుకుంటుంది.

కాబట్టి రికార్డు మొదటి నుంచి మొదలుపెట్టకండి. చివరి పాట ముందు వినండి, రెండుసార్లు. ఆ తర్వాత మొదటి పాట "నోబడీస్"కు వచ్చి, గొంతును పట్టించుకోకుండా గిటారు వెంట వెళ్ళండి. ఆ రెండూ పట్టుబడితే మిగతావి వాటంతటవే తెరుచుకుంటాయి. పట్టుబడకపోతే బలవంతం లేదు, పాడే వాటాకు వెళ్ళండి. డ్యాగ్ న్యాస్టీ ఉంది. లైఫ్‌టైమ్ వాళ్ళ 1995 నాటి "హలో బాస్టర్డ్స్" ఉంది, గొంతు అరవదు, గొణుగుతుంది, నాకు మహా ఇష్టం. రైజ్ అగైన్‌స్ట్ అయితే 2003 నాటి రికార్డు వినమంటాను. డిసెండెంట్స్ డ్రమ్మరు బిల్ స్టీవెన్సన్ కొలరాడోలో తన స్టూడియోలో చేయించింది. 2025 ఆగస్టులో "రికషే" అని కొత్తది తెచ్చారు. నునుపు మరీ ఎక్కువైందని నా ఫిర్యాదు, పాడుకోవడానికి మాత్రం హాయిగా ఉంటుంది. అరిచే వాటాలోనే ఇంకొంచెం లోపలికి పోవాలనుకుంటే మోడర్న్ లైఫ్ ఈజ్ వార్ 2005 నాటి "విట్నెస్". అయోవాలో మార్షల్‌టౌన్ అనే చిన్న ఊరి కుర్రాళ్ళు, ఆ ఊరి ఊపిరాడనితనం గిటార్లలోనే వినిపిస్తుంది.

మీ తమ్ముడి గొంతు సంగతి. అరుపంతా ఒకటి కాదు. కొందరు అసలు స్వరతంతువుల మీద భారం వేయకుండా, వాటికి పైనుండే మడతల్ని కదిలించి గరుకు తెప్పిస్తారు. ఇది నేర్పితే వచ్చే విద్య. ఇంకొందరు బోల్మ్‌లా మామూలుగా పిలిచే గొంతునే చివరిదాకా తోస్తారు. వినడానికి నిజాయితీగా ఉంటుంది, గొంతుకు ఖర్చు ఎక్కువ. మీ వాడిది ఏ రకమైనా, నొప్పి పుడితే అక్కడితో ఆపమనండి. నొప్పి ఓర్చుకుంటే గొంతు గట్టిపడుతుందని స్నేహితులు చెబుతారు, అది పచ్చి అబద్ధం. రోజుకు ఇరవై నిమిషాలకు మించొద్దు, ముందు కాసేపు మామూలుగా పాడి గొంతు వేడి చేసుకోవాలి, నీళ్ళు పక్కన ఉండాలి. జలుబు చేసిన రోజు పూర్తిగా సెలవు. గది మూసి, యాంప్లిఫయర్ మోతను మించి అరవాలని చూడటమే గొంతులు పోవడానికి పెద్ద కారణం. మైకు పెట్టుకుని, తన గొంతు తనకు వినపడేలా చిన్న స్పీకరు ఒకటి మొహానికి ఎదురుగా పెట్టుకుంటే సగం భారం తగ్గుతుంది. బొంగురు రెండు వారాలైనా వదలకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, కెమెరాతో చూసి నిమిషాల్లో చెప్పేస్తారు. నేను రికార్డు చేసిన ఒక గాయకుడు ఆ పని ఎనిమిది నెలలు వాయిదా వేశాడు. ఇప్పుడు అతను బేస్ వాయిస్తున్నాడు, బాగానే వాయిస్తున్నాడు.